ఆపరేషన్ కామ్యాబ్ అయ్యాక...

‘అల్‌హమ్దులిల్లాహ్, ఆపరేషన్ కామ్యాబ్!’ అని మిఠాయి పంచేస్తాం. మోకాలి దగ్గర హడ్డీలో కేన్సర్ గడ్డ తీసి లోహపు కీలు పెట్టిన పిల్లలకు అసలు ఇమ్తెహాన్ ఆ తర్వాతే.

ఆస్టియోసార్కోమా ఎక్కువగా వచ్చేది ఎదిగే వయసులోనే, అదీ మోకాలి చుట్టుపక్కలే. ఒకప్పుడు కాలు తీసేయడమే ఇలాజ్. ఇప్పుడు చాలామందికి కాలు దక్కుతోంది, షుకర్. కానీ ఆ కీలు జిందగీభర్ గ్యారంటీ కాదు. ఎముకలో పట్టు సడలొచ్చు, లోహం విరగొచ్చు, గడ్డే మళ్లీ రావొచ్చు. ఇన్‌ఫెక్షన్ కూడా చాలా ఖతర్‌నాక్. కీమోతో తాఖత్ తగ్గిన ఒంట్లో అది ముదిరితే దక్కిన కాలూ పోవచ్చు.

మరి మనమేం చేస్తున్నాం? రిష్తాలు రావేమోనని ఆడపిల్ల ఆపరేషన్ దాచేస్తాం. నలుగురికీ తెలుస్తుందని చెకప్‌లు మానేస్తాం. నొప్పంటే మాలిష్, బుఖారంటే తావీజ్. ఇది నాకు జుల్మ్‌లాగే కనిపిస్తుంది.

పిల్ల కుర్సీ మీద నమాజ్ చదివితే ఐబ్ కాదు. వాపు, ఎర్రదనం, చీము, కొత్త నొప్పి కనిపిస్తే ఆ రోజే సర్జన్ దగ్గరికి తీసుకెళ్లండి. మున్ముందు కీలు మార్చాల్సొస్తే ఖర్చెంతో ఆపరేషన్‌కి ముందే అడగండి. కాలి సంగతి తెలిసి వచ్చే రిష్తా ఆలస్యమైనా పర్వాలేదు. చెకప్ ఆలస్యం కావొద్దు.