రంగు కింద దాగిన తుప్పు

కొత్త వస్తువు అమ్మేవారికి తయారీదారు పూచీ అండగా ఉంటుంది. పాత వస్తువుకు ఆ అండ లేదు. దాని లోపలి సంగతి అమ్మేవారికి తెలుసు, కొనేవారికి తెలియదు. ఆ తెలియనితనం మీద లాభం తీసుకోవాలా, దానిని తొలగించాలా అన్నదే పాత సరుకు అమ్మకంలోని అసలు పరీక్ష. ఆ పరీక్ష ఎంత కఠినమైనదో గ్రహించడానికి బ్రిటన్‌లో పాత స్పోర్ట్స్ కార్లు చేతులు మారే తీరు మంచి ఉదాహరణ.

ఆక్స్‌ఫర్డ్ సమీపంలోని అబింగ్డన్ పట్టణంలో 1962 నుంచి 1980 వరకు ఎం.జి.బి. అనే కారు తయారయింది. రెండు సీట్లు, తీసివేయదగిన గుడ్డ టాపు, 1798 సి.సి. ఇంజన్ దాని లక్షణాలు. టాపు స్థిరంగా ఉండే జి.టి. రకంతో కలిపి అయిదు లక్షలకు పైగా కార్లు వెలువడ్డాయి. విడిభాగాలు నేటికీ దొరుకుతున్నాయి గనుక ఎందరో ఆ కారును ఇంటి గ్యారేజీలోనే విప్పి, ఏళ్ల తరబడి ఓపికగా బాగుచేసుకుంటారు.

లారీకి ఉన్నట్టు ఆ కారుకు విడిగా ఛాసిస్ ఉండదు. రేకులు అతికించి కట్టిన బాడీయే బరువంతా మోస్తుంది. తలుపుల కింద ఇరువైపులా పొడవునా సాగే పెట్టెవంటి భాగాలను 'సిల్స్' అంటారు. టాపు లేని కారుకు అవే వెన్నెముక. వానకూ, చలికాలంలో మంచు కరగడానికి రోడ్లపై చల్లే ఉప్పుకూ ముందుగా తుప్పు పట్టేవీ అవే. సరైన మరమ్మతు అంటే తుప్పు తిన్న రేకులను పొరపొరగా కోసివేసి, కొత్తవి వెల్డింగ్ చేయడం. అడ్డదారి అంటే పాడైన రేకు మీదే మరో రేకు అతికించి, పుట్టీతో నునుపు చేసి, రంగు వేయడం. అమ్మకం రోజున రెండు కార్లూ ఒకేలా మెరుస్తాయి.

ఇక్కడే మనస్సు జారే ప్రమాదం ఉంది. ఇటువంటి కారును పూర్తిగా బాగుచేయడానికి అయ్యే ఖర్చు చాలాసార్లు అమ్మకపు ధరను మించిపోతుంది. శ్రమకు లెక్కే లేదు. పోయిన డబ్బు రాబట్టుకోవాలన్న ఆరాటంలో 'ఆ ఒక్క మూల సంగతి చెప్పకపోతే ఏమవుతుంది?' అనిపిస్తుంది. పైగా 2018 నుంచి బ్రిటన్‌లో 40 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు జరగని కార్లకు ఏటా జరిపించే తనిఖీ తప్పనిసరి కాదు. అంటే దాచిన లోపాన్ని బయటపెట్టే మరో కన్ను లేకపోవచ్చు. కాని రేపు ఆ కారులో కూర్చునేది ఒక తండ్రి, అతని పక్కన ఒక బిడ్డ. ప్రమాదం ఎదురైతే వారిని కాపాడవలసినది పుట్టీ కాదు, దాని కింద ఉండవలసిన గట్టి రేకు.

నిజాయితీగల అమ్మకందారు ఏం చేస్తాడు? రంగు వేయకముందు తీసిన ఫోటోలు, విడిభాగాల బిల్లులు ముందు పెడతాడు. అయస్కాంతం తెచ్చుకొమ్మంటాడు. పుట్టీ మందంగా ఉన్నచోట అది పట్టుకోదు. ఒక పక్కన జాకీ పెట్టి లేపి తలుపు తెరిచి చూడమంటాడు. సిల్స్ బలహీనమైతే తలుపు సందు మారిపోతుంది, తలుపు పట్టేస్తుంది. 1974లో ఈ కారుకు నల్లని రబ్బరు బంపర్లు వచ్చాయి. తరువాతి కాలపు కారుకు పాత క్రోమ్ బంపర్లు బిగించి ఉంటే ఆ సంగతీ చెబుతాడు. గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం ఇచ్చే ధ్రువపత్రంలో కారు తయారైన తేదీ, అసలు రంగు, ఇంజన్ నంబరు ఉంటాయి. ఆ పత్రాన్నీ చూపుతాడు. 'గేరు బాక్సు నేను విప్పలేదు' అని చెప్పడానికి కూడా వెనుకాడడు. ఇంత చెప్పినందువల్ల ధర కొంత తగ్గవచ్చు. తగ్గినది తనది కాని సొమ్మే.

దైవప్రవక్త (స) బజారులో ఒక ధాన్యరాశిలో చేయి పెట్టి చూడగా లోపల తడి తగిలిన సంఘటన మనకు తెలిసినదే. వాన వల్ల తడిసిందని వర్తకుడు చెప్పినప్పుడు, అందరికీ కనబడేలా ఆ తడి ధాన్యాన్ని పైన ఎందుకు ఉంచలేదని ఆయన నిలదీశారు. వర్తకుడు వానను ఆపలేడు. తడిసిన గింజలను పైకి తీసి చూపడం మాత్రం అతని చేతిలో ఉన్న పని. తుప్పు సంగతీ అంతే.

మన ఇళ్లలో స్పోర్ట్స్ కార్లు లేకపోవచ్చు. పాత స్కూటరు, కుట్టుమిషను, ఫ్రిజ్ అమ్మని ఇల్లు ఉండదు. ఈసారి అమ్మేటప్పుడు కొనేవారు అడగకముందే ఉన్న లోపాలను కాగితం మీద రాసి వారి చేతిలో పెట్టండి. కొనేవారికీ ఒక బాధ్యత ఉంది. ధర తగ్గించడానికి లేని లోపాలను అంటగట్టకూడదు, ఎదుటివారి శ్రమను చులకన చేయకూడదు. బేరం ముగిశాక ఇద్దరూ మళ్లీ ఎదురైనప్పుడు తలదించుకోనవసరం లేకపోతే, అదే ఆ సొమ్ములోని బరకత్.