నీళ్ల మిషనుకు కార్డు మంచిదే, నాణేన్ని తరిమివేయవద్దు

కనిగిరి, పొదిలి, దర్శి మెట్ట ప్రాంతాల్లో ఫ్లోరైడు బెడద నిన్నటిది కాదు. ఇక్కడి బావుల నీటి వల్ల ఎముకలు, పళ్లు దెబ్బతింటున్న సంగతిని 1937లోనే వైద్యులు లోకానికి తెలియజేశారు. అటువంటి చోట శుద్ధిచేసిన నీరు విలాసం కాదు, ప్రాణావసరం. 2014లో ఎన్.టి.ఆర్. సుజల స్రవంతి పథకం కింద 20 లీటర్లు 2 రూపాయలకే ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. పంచాయతీలు, దాతలు, ప్రైవేటు వారు నెలకొల్పిన ప్లాంట్లు కూడా ఉన్నాయి. మనిషి అవసరం లేకుండా నీరిచ్చే మిషన్లు వాటికి అమరుతున్నాయి.

ఇప్పుడు ఆ మిషన్లకు చిప్ కార్డులు, క్యూ.ఆర్. కోడ్లు వస్తున్నాయి. ఇది హర్షించదగిన మార్పే. నాణేలు ఇరుక్కుపోయే బాధ తప్పుతుంది, పెట్టె పగలగొట్టే దొంగల భయం ఉండదు, లెక్క పక్కాగా ఉంటుంది. 10 రూపాయల నాణెం 14 నమూనాలూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018లో ప్రకటించినా పుచ్చుకోని వారున్న పల్లెల్లో, ఆ తగవూ తీరుతుంది.

అయితే, మా మండలంలోని ఒక గ్రామంలో కార్డు రాగానే నాణెం వేసే రంధ్రాన్ని మూసివేశారు. కార్డులో డబ్బు వేయించుకోవాలంటే ప్లాంటు మనిషి రావాలి, అదీ 100 రూపాయలకు తక్కువైతే కుదరదు. ఏ రోజు కూలి ఆ రోజు తినే ఇంటికి నీళ్ల కోసం 100 రూపాయలు ముందుగా కట్టడం తేలిక కాదు. క్యాను చంకన పెట్టుకుని వచ్చిన ఒక ముసలమ్మ, కార్డున్న వారెవరైనా వస్తారేమోనని అరుగు మీద కూర్చుని ఉండగా ఈ విలేఖరి చూశాడు. చేతిలో నాణేలున్నాయి, ఎదురుగా నీళ్లున్నాయి. అయినా క్యాను ఖాళీ!

క్యూ.ఆర్. కోడుది మరో చిక్కు. సొమ్ము చేరిన కబురు సిగ్నలు ద్వారా మిషనుకు అందితేనే కుళాయి తెరుచుకుంటుంది. సిగ్నలు లేకపోతే ఖాతాలో డబ్బు తగ్గుతుంది, నీరు మాత్రం రాదు. ఇలా నిలిచిపోయిన సొమ్మును అయిదు రోజుల్లోగా తిరిగి జమచేయాలని రిజర్వు బ్యాంకు 2019లో ఆదేశించింది. కాని అయిదు రోజుల తరువాత వచ్చే రెండు రూపాయలతో నేటి దాహం తీరదు గదా! మిగులును తన చిప్‌లోనే దాచుకునే కార్డుకు ఈ ఇబ్బంది లేదు. కనుక సిగ్నలు అంతంతమాత్రమైన పల్లెలకు కార్డే మేలు.

కావలసినవి పెద్ద కోరికలు కావు. కార్డుతోపాటు నాణేనికీ చోటుండాలి. ఊళ్లోని కిరాణా కొట్టులో 10 రూపాయలకు సైతం కార్డు నింపే ఏర్పాటు చేయాలి. కార్డు పోతే మిగులు దక్కేలా పేరు నమోదు చేయాలి. మిషను మొరాయిస్తే పిలవవలసిన ఫోను నంబరును గోడపై పెద్ద అక్షరాలతో రాయించాలి.

ప్లాంట్లకు స్థలమూ, నీరూ ఇస్తున్న పంచాయతీలు ఈ షరతులను ఒప్పందంలోనే రాయించుకోవచ్చు. మండల అధికారులు కూడా ఈ విషయమై వెంటనే దృష్టి సారించడం అవసరం. మిషను మనిషి శ్రమ తగ్గించడానికి వచ్చింది. నీళ్ల దగ్గర మనిషిని నిలబెట్టడానికి కాదు.