ఎత్తుపళ్ళకు తైలం ఉన్నదా?

బెంజ్ సర్కిల్ వద్ద చెన్నై–కోల్‌కతా రహదారి, హైదరాబాదు–మచిలీపట్నం రహదారి కలుస్తాయి. ఆ చుట్టుపట్ల పంటి వైద్యశాలల బోర్డులకు కొదవ లేదు. అయినప్పటికీ, “క్లిప్పులు వేయించాలంటే భయమండీ, ఎత్తుపళ్ళు లోపలికి పోవడానికి ఏదైనా తైలం చెప్పండి” అంటూ ఆయుర్వేద వైద్యుని ఆశ్రయించే తల్లిదండ్రులు ఎందరో. వారికి నిర్మొహమాటంగా చెప్పవలసిన సమాధానం ఒక్కటే: అటువంటి తైలం లేదు.

ఈ మాట ఆయుర్వేదాన్ని చిన్నబుచ్చడం కాదు. దంతాలను ఆశ్రయించిన వాతం వాటిని క్రమక్రమంగా వికృతంగా మార్చే స్థితిని మాధవ నిదానం ‘కరాళం’ అని పేర్కొని, అది అసాధ్యమని స్పష్టం చేసింది. అదనంగా మొలిచిన దంతాన్ని పెరికి అగ్నికర్మ చేయమన్నాడు సుశ్రుతుడు, లేపనంతో సరిచేయమనలేదు. తమ శాస్త్రపు హద్దును ఎరిగిన ఆ పెద్దల పేరు చెప్పి, వారు చెప్పని తైలాలను అమ్మడం నా దృష్టిలో అపచారం.

పన్ను ఎముకలో మేకులా దిగబడి ఉండదు. వేరుకూ ఎముకకూ నడుమ సన్నని పొర ఉంటుంది. తీగ ద్వారా స్వల్పమైన ఒత్తిడి నిరంతరంగా పడితే, పన్ను జరిగే వైపు ఎముక కరుగుతుంది, వెనుక వైపు కొత్త ఎముక ఏర్పడుతుంది. కనుకనే ఈ చికిత్సకు సాధారణంగా ఏడాదిన్నర, రెండేళ్ళు పడుతుంది. బొటనవేలితో రోజూ నొక్కమనే సలహా మన అమ్మమ్మలదే కాదు. 1వ శతాబ్దపు రోమను రచయిత సెల్సస్ కూడా ఇటువంటిదే చెప్పాడు. అయితే ఆయన చెప్పినది పాలపన్ను ఊడకముందే పక్కన మొలుస్తున్న కొత్త పంటి గురించి. పదిహేనేళ్ళ పిల్ల తీరిక దొరికినప్పుడు నాలుగు నిమిషాలు నొక్కితే ఎముక కరగదు.

మరి ఇంటివైద్యానికి పని లేదా? ఉన్నది, చాలా ముందుగా ఉన్నది. నాలుగైదేళ్ళు దాటినా వేలు చీకే బిడ్డకు ముందుపళ్ళు ఎత్తుగా రావచ్చు. ఆ వేలికి వేపాకు రసం పూయడం మన ఇళ్ళలో ఎరిగిన ఉపాయమే; దానికి బుజ్జగింపు కూడా తోడు కావాలి. “పాలపళ్ళే కదా, ఊడిపోయేవే” అని పుచ్చిన దవడపళ్ళను వదిలేయడం మరొక పొరపాటు. అవి ముందుగా పోతే పక్కపళ్ళు ఆ ఖాళీలోకి జరిగి, కొత్తపంటికి చోటుండదు. ఏడేళ్ళ వయసులో ఒకసారి పళ్ళ వరుసను చూపించడం మంచిది. పెళ్ళిచూపుల ముందు హడావుడి పడేకంటే ఇది నయం. పెద్దవయసులోనూ పళ్ళు కదులుతాయి గాని, చిగుళ్ళు ఆరోగ్యంగా ఉండాలి, ఓపిక మరికొంత కావాలి.

పై పన్ను పీకిస్తే చూపు తగ్గుతుందన్న భయం ఇంకా పోలేదు. పంటి నాడి వేరు, చూపు నాడి వేరు. చోటు చాలనప్పుడు మంచి పన్నును తీయవలసి రావచ్చు. ఎందుకు తీస్తున్నారో, తీయకుండా కుదరదా అని అడగడం మీ హక్కు. బి.డి.ఎస్. తరువాత ఈ విభాగంలోనే ఎం.డి.ఎస్. చేసిన వైద్యుని ఎంచుకోండి. తీగ కనిపించని పారదర్శకపు అలైనర్లు అందంగానే ఉంటాయి, కాని రోజుకు ఇరవై రెండు గంటలు పెట్టుకోవాలి. మాటిమాటికీ తీసి జేబులో వేసుకునే కుర్రవానికి తీగలే మేలు.

తీగలున్నన్నాళ్ళు వేపపుల్ల నమలడం, చెరకు కొరకడం, గట్టి చేగోడీలు మానాలి. అంటించిన బిళ్ళలు ఊడిపోతాయి. బుగ్గ ఒరుసుకుంటే గోరువెచ్చని ఉప్పునీటితో పుక్కిలించి, పుండుపై నెయ్యి రాయవచ్చు. లవంగ నూనె మాత్రం వద్దు, పుండును మండిస్తుంది. నువ్వుల నూనె గండూషం చిగుళ్ళకు హితమే; అయినా బ్రష్షుకు అది బదులు కాదు.

తీగలు తీసిన తరువాత పళ్ళు పాతచోటికి మళ్ళాలని చూస్తాయి. అందుకే రిటైనరు ఇస్తారు. దాని ఖర్చు మొదటి లెక్కలోనే కలిసి ఉన్నదో లేదో కాగితం మీద రాయించుకోండి. వేణ్ణీళ్ళతో కడిగితే వంకరపోతుంది కాబట్టి చన్నీళ్ళతోనే కడగండి.