ఆ ఓర్పు ఎవరిది?

మానసిక రోగి కోలుకోవడానికి ఇంటి వాతావరణం ముఖ్యమంటారు. నిజమే. ఆస్పత్రి నుంచి ఇంటికెళ్ళిన స్కిజోఫ్రీనియా రోగుల్లో, నిత్యం తప్పులెంచే కుటుంబాల మధ్య ఉన్నవారికే జబ్బు ఎక్కువగా తిరగబెట్టిందని లండన్‌లో జార్జ్ బ్రౌన్ బృందం 1972లో చూపింది. 1987లో వెలువడిన చండీగఢ్ అధ్యయనంలో ఆ సాధింపు లండన్ కంటే తక్కువగా కనిపించింది. అది చూపించి మన కుటుంబ వ్యవస్థను పొగిడేవాళ్ళు చాలామంది.

నేనడిగేది, ఆ ఓర్పు ఎవరిదని. కొడుక్కి జబ్బయితే మాత్రలు మింగించేది, రాత్రిళ్ళు మేలుకునేది తల్లి. భర్తకైతే భార్య. ఆమె విసిగి ఒక మాటంటే జబ్బు తిరగబెట్టిన నిందా ఆమెకే. అదే భార్యకు జబ్బు చేస్తే పుట్టింటికి పంపేస్తారు (సర్దిచెప్పే పెద్దమనుషులు అప్పుడెక్కడుంటారో!). కలిసి బతకలేనంత మానసిక జబ్బును విడాకులకు కారణంగా 1955 హిందూ వివాహ చట్టం ఇప్పటికీ ఒప్పుకుంటోంది.

ఇంట్లోవాళ్ళు రానివ్వలేదన్న కారణంతోనే ఎవరినీ ఆస్పత్రిలో ఉంచెయ్యకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 19వ సెక్షన్ చెబుతోంది. హాఫ్‌వే హోముల వంటివి ఏర్పడేలా చూసే బాధ్యత ప్రభుత్వానిదేనంటోంది. మన జిల్లాలో అలాంటివి ఎన్నున్నాయి, వాటిలో ఆడవాళ్ళకు చోటెంత అని ప్రతి సంఘమూ కలెక్టరుకు అర్జీ పెట్టి రాతపూర్వకంగా జవాబు అడగాలి.