పిల్లలందరిదీ ఒకే రంగు కాదు, ఒకే భాషా కాదు

ఊపిరి అందని పసిబిడ్డకు పెదాలు నీలంగా మారతాయని మెడికోలు చదువుకుంటారు. నల్లటి ఒంటిరంగు పిల్లల్లో ఆ నీలం అంత తేలిగ్గా కనిపించదు. నాలుక, చిగుళ్లు చూడాలి. పల్స్ ఆక్సీమీటర్ కూడా ముదురు రంగు చర్మం ఉన్నవారిలో ఆక్సిజన్‌ను ఉన్నదానికంటే ఎక్కువగా చూపవచ్చని 2020లో అమెరికా వైద్యులు హెచ్చరించారు.

రంగు ఒక్కటే కాదు. కోయ భాష తప్ప మరోటి రాని తల్లికి తెలుగులో గబగబా చెప్పిన మందు మోతాదు ఏం అర్థమవుతుంది? కూలి దొరకని ఇంట్లో ‘రోజూ పాలు, గుడ్డు’ అనే సలహా ఎలా అమలవుతుంది?

ఎంబీబీఎస్‌లో 2019 నుంచి వైద్యుల నడవడిక, నైతికత, మాటతీరుపై ‘ఎట్‌కామ్’ పాఠాలున్నాయి. మంచిదే. అయితే పిల్లల వైద్యంలో పీజీ చేసేవారికి ఇవన్నీ వార్డులో, బిడ్డ మంచం పక్కనే నేర్పాలి. పరీక్షలో మార్కులూ ఉండాలి. పరీక్షలో అడగనిది ఎవరు చదువుతారు?

మీరూ మొహమాటపడకండి. అర్థం కాకపోతే మళ్లీ అడగండి. ఇంట్లో వీలుకానిది వీలుకాదని చెప్పండి. మిషన్‌లో అంకె బాగానే ఉన్నా బిడ్డ డొక్కలెగరేస్తుంటే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.