రంగు సీసాకు జవాబుదారీ ఎవరు?

సింగరేణిలో నేను షాట్ ఫైరర్‌గా పనిచేసి రిటైరయ్యాను. మందు పెట్టి బొగ్గు పేల్చడం మా పని. మ్యాగజైన్ నుంచి పేలుడు మందు తీసుకునేటప్పుడే ఎన్ని తూటాలో, ఎన్ని డిటొనేటర్లో రాసి సంతకం పెట్టాలి. పేల్చినవెన్నో లెక్క చూపి, మిగిలినవి షిఫ్టు దిగేలోపు తిరిగి అప్పజెప్పాలి. పెట్టె మీద కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ ఉంటాయి. గనుల భద్రతా డైరెక్టరేట్ ఒప్పుకున్న రకం తప్ప వేరేది బొగ్గు బాయిలోకి దిగడానికి వీల్లేదు, ఎంత చౌకగా దొరికినా సరే. తేడా జరిగితే ఆ పెట్టె ఏ ఫ్యాక్టరీలో, ఏ రోజున తయారైందో వెనక్కి వెతుక్కుంటూ పోవచ్చు. ఆ కాగితాల వెనుక ఎందరి ప్రాణాలున్నాయో బాయి పని చేసినవాళ్లకు తెలుసు.

నా మనుమడు డిగ్రీ చదువుతున్నాడు. గోదావరిఖనిలోనే ఒక టాటూ దుకాణంలో ముంజేతి మీద సింహం బొమ్మ వేయించుకున్నాడు. నల్లగీతలు, ఎర్రటి జూలు. నలుపు మామూలుగానే మానింది. ఎరుపు ఎక్కిన చోటల్లా చర్మం గట్టిపడి, ఉబ్బి, దురదతో పిల్లాడికి రాత్రిళ్లు కంటిమీద కునుకు లేదు. చర్మవ్యాధుల డాక్టరమ్మ చూసి, ఇది రంగు పడకపోవడం వల్లే వచ్చిందన్నారు. అందులో ఏముందో కనుక్కొని రమ్మన్నారు. ఆ దుకాణానికి నేనే పోయాను.

"బిడ్డా, ఆ ఎరుపు సీసా ఒకసారి చూపియ్యి" అన్నాను. దుకాణం అబ్బాయి చూపించాడు. విదేశీ బ్రాండు పేరు, మెరిసే అక్షరాలు. ఎక్కడ తయారైందో లేదు. దిగుమతి చేసినవాళ్ల చిరునామా లేదు. బ్యాచ్ నంబరు, స్టెరిలైజ్ చేసిన తేదీ ఏవీ లేవు. బిల్లు అడిగితే, "హైదరాబాద్ నుంచి సెట్టుకు సెట్టు వస్తయి కాకా, బిల్లు ఇయ్యరు" అన్నాడు. ఆ అబ్బాయి మీద నాకు కోపం రాలేదు. సూది ప్యాకెట్టు గిరాకీ ముందే చింపుతాడు, గ్లవ్స్ మారుస్తాడు, బల్ల తుడుస్తాడు. తన చేతిలో ఉన్నది చేస్తున్నాడు. సీసా లోపల ఉన్నది మాత్రం అతని చేతిలో లేదు. "కాగితాలున్న సీసాలు పిరం కాకా. పక్క దుకాణమాయన చౌకవి వాడి సగం రేటుకే ఏస్తే నా దగ్గరికి ఎవరొస్తరు?" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్న. అందుకే ఈ బాధ్యత సూది పట్టినవాడితో మొదలు కాకూడదని అంటున్నాను. రంగు కలిపిన కంపెనీ, దాన్ని దేశంలోకి తెచ్చినవాడు, పెట్టెల కొద్దీ అమ్మిన హోల్‌సేల్ వ్యాపారి మొదట జవాబు చెప్పాలి.

టాటూల్లో కనిపించే చాలా రంగులు మనిషి చర్మం కోసం పుట్టినవి కావు. కార్ల పెయింట్లకు, ప్లాస్టిక్ వస్తువులకు, ముద్రణ సిరాలకు తయారైన పిగ్మెంట్లే సీసాల్లోకి వస్తాయి. ఎరుపు, పసుపు, నారింజల్లో అజో రకానివి ఎక్కువ. అలర్జీ కేసుల్లో అన్నిటికంటే ముందు వినిపించేది ఎరుపే. నలుపు కార్బన్ బ్లాక్. నూనెలాంటివాటిని సగం సగం కాల్చితే వచ్చే మసి అది. శుద్ధి సరిగా లేకపోతే క్యాన్సర్ కారకమైన బెంజోపైరీన్ వంటివి దాంతోపాటే వస్తాయి. రంగు వేసినచోటే ఉండిపోతుందనుకోవడమూ పొరపాటే. చనిపోయినవారి దేహాల నుంచి తీసిన కణజాలాన్ని యూరప్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2017లో ఫలితాలు ప్రచురించారు. చర్మంలోని రంగు రేణువులు లింఫు గ్రంథుల్లోనూ కనిపించాయి.

ఈ సంగతి నమ్మడానికి నాకు పరిశోధన అక్కర్లేదు. బాయిలో పైకప్పు బొగ్గు పెళ్ల తగిలి గాయమైతే, పొడి లోపలే ఉండి చర్మం మూసుకుంటుంది. ఆ చోట నీలం మచ్చ మిగిలిపోతుంది. మా తరం వాళ్ల నుదుటి మీద, మోచేతుల మీద, వీపు మీద అవి ఇప్పటికీ చూడొచ్చు. ఒళ్లు కరిగించలేని రేణువు ఒకసారి లోపలికి పోతే ఏళ్లు గడిచినా పోదు. మాకు అది పనిలో తగిలిన దెబ్బ. మా పిల్లలు డబ్బిచ్చి వేయించుకుంటున్నారు కాబట్టి, లోపలికి పోయేదేమిటో చెప్పించుకునే హక్కు వాళ్లకుంది.

రసాయనాలు ఒక ఎత్తు, క్రిములు ఇంకో ఎత్తు. 2011 చివర్లో అమెరికాలోని రోచెస్టర్‌లో ఒకే కళాకారుడి దగ్గర టాటూ వేయించుకున్న 19 మందికి మొండి దద్దుర్లు వచ్చాయి. క్షయ క్రిమికి దూరపు బంధువైన ఒక మైకోబ్యాక్టీరియా కారణమని తేలింది. అతను శుభ్రంగానే పనిచేశాడు. కంపెనీ ముందే కలిపి అమ్మిన బూడిదరంగు సిరాలో, మూత తీయని సీసాలోనే ఆ క్రిమి దొరికింది. పలుచన చేయడానికి డిస్టిల్డ్ వాటర్ వాడారు. డిస్టిల్డ్ అన్నంత మాత్రాన క్రిమిరహితం కాదు. మన దగ్గర బ్యాటరీలో పోసే నీళ్లు, ఆర్వో క్యాన్ నీళ్లు పోసి రంగు పలుచన చేసేవాళ్లందరూ ఈ ఒక్క కేసు గుర్తుంచుకోవాలి. 2024లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ శాస్త్రవేత్తలు అక్కడి మార్కెట్లోని 75 సిరాలు పరీక్షిస్తే 26 సిరాల్లో బ్యాక్టీరియా పెరిగింది. స్టెరైల్ అని అచ్చేసినవీ వాటిలో ఉన్నాయి. లేబుల్ మీద మాట రాసినంత సులువు కాదు ఈ పని. ప్రతి బ్యాచ్ నుంచి నమూనా తీసి పరీక్షించాలి, ఫలితం భద్రపరచాలి, అడిగితే చూపాలి. అది మన దేశంలో సాధ్యం కాదనడానికి లేదు. వైద్య సామగ్రిని గామా కిరణాలతో స్టెరిలైజ్ చేసే ఐసోమెడ్ కేంద్రం ట్రాంబేలో 1974లోనే మొదలైంది.

మా అమ్మల కాలంలో పచ్చబొట్లు లేవా, ఏమైంది వాళ్లకు అని మా కాలనీలో పెద్దలు అడుగుతుంటారు. ఉన్నాయి. ఆదిలాబాద్ గోండులకు తోటి తెగ ఆడవాళ్లు పొడిచేవారు, మైదానపు ఊళ్లలో ఎరుకల ఆడవాళ్లు వచ్చేవారు. దీపపు మసి, ఆకు పసరు. ఒకే సూది ఊరంతా తిరిగిన మాట నిజమే, దాన్ని నేను సమర్థించను. కానీ రంగు నూరిన చెయ్యి, సూది పట్టిన చెయ్యి ఒకటే. ఎవరికైనా చీము పడితే ఆమె ఎవరో, ఏ ఊరిదో అందరికీ తెలుసు. ఇప్పుడు రంగు నూరినవాడు ఏ దేశంలో ఉన్నాడో కూడా తెలియదు. మధ్యలో ముగ్గురు నలుగురు లాభం తీసుకున్నారు, పేరు మాత్రం ఎవరూ పెట్టలేదు.

యూరప్‌లో 2022 జనవరి 4 నుంచి 4,000కు పైగా రసాయనాల మీద టాటూ సిరాల్లో నిషేధమో పరిమితో ఉంది. బ్యాచ్ నంబరు, అందులోని పదార్థాల పట్టిక సీసా మీద ఉండాలి. సూది పెట్టేముందు ఆ వివరాలు వేయించుకునేవాడికి చెప్పాలి. అమెరికాలో 2022 చట్టం ప్రకారం తయారీదారు తన ఫ్యాక్టరీని నమోదు చేసుకోవాలి, తీవ్రమైన హాని జరిగినట్టు తెలిస్తే 15 పనిదినాల్లో ప్రభుత్వానికి చెప్పాలి. మన పొరుగున కర్ణాటక ఆరోగ్య మంత్రి దినేశ్ గుండూరావు 2025లో, తాము పరీక్షించిన సిరాల్లో ఆర్సెనిక్, క్రోమియం, సెలీనియం సహా 22 లోహాలు దొరికాయని చెప్పి, ప్రమాణాలు పెట్టమని కేంద్రాన్ని అడుగుతామన్నారు. మన తెలంగాణ నుంచి కూడా ఆ గొంతు గట్టిగా వినపడాలి.

కొత్త చట్టం వచ్చేదాకా చేతులు కట్టుకోవాల్సిన పని కూడా లేదు. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టంలోని నిర్వచనం ఒంటి మీద రాసుకునేవాటితో ఆగలేదు. రూపం మార్చడానికి ఒంట్లోకి ప్రవేశపెట్టేవి కూడా అందులో ఉన్నాయి. 2020 కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం విదేశం నుంచి కాస్మెటిక్ తెచ్చేవాడికి రిజిస్ట్రేషన్ కావాలి. 2011 ప్యాకేజీ నిబంధనలు చిల్లర అమ్మకపు ప్యాకెట్టు మీద తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా ఉండాలంటున్నాయి. సరుకు వల్ల హాని జరిగితే తయారీదారు, అమ్మినవాడు, సేవ చేసినవాడు పరిహారం కట్టాలని 2019 వినియోగదారుల చట్టం చెబుతోంది. కానీ చిరునామా లేని సీసా మీద కేసు ఎవరి పేరున వేయాలి? నా మనుమడి విషయంలో నేను ఆగిపోయింది అక్కడే.

టాటూ తీసేయించుకోవడం కూడా తేలిక కాదు. పొద్దున్నే సింగరేణి స్టేడియంలో పరుగెత్తే పిల్లల్లో చాలామందికి పోలీసు, సైనిక ఉద్యోగాల మీదే ఆశ. కేంద్ర సాయుధ బలగాల్లో సెల్యూట్ చేసే ముంజేతి మీద పచ్చబొట్టు ఉంటే తీసుకోరు. అప్పుడు లేజర్‌కు పరుగెత్తుతారు. లేజర్ వేడికి అజో రంగులు విరిగి, కొన్నిటి నుంచి హానికరమైన అమీన్లు పుడతాయి. సీసాలో ఏ రంగుందో తెలియని డాక్టరు ఏ ధైర్యంతో లేజర్ పెట్టాలి?

డ్రగ్స్ కంట్రోల్ అధికారులు మొదట హైదరాబాద్ హోల్‌సేల్ గోదాముల్లో నమూనాలు తీయాలి, ఆ తర్వాతే మా ఖని దుకాణాలకు రావాలి. ఆన్‌లైన్ అమ్మకపు సంస్థలు బ్యాచ్ పరీక్ష పత్రం లేని సిరాను జాబితాలో పెట్టకూడదు. రామగుండం కార్పొరేషన్ టాటూ దుకాణాలకు, కనుబొమలకు రంగెక్కించే బ్యూటీ పార్లర్లకు ట్రేడ్ లైసెన్సు ఇచ్చేటప్పుడు ఒక పుస్తకం పెట్టించాలి. ఏ రోజు, ఎవరికి, ఏ బ్యాచ్ రంగు వాడారో అందులో రాయాలి. అందరికీ ఒకేసారి పెడితే చౌక సీసా వాడి రేటు తగ్గించే పోటీ ఉండదు. అలాంటి పుస్తకం నేను సర్వీసంతా బాయిలో రాశాను, దానికి రెండు నిమిషాలు కూడా పట్టదు. సింగరేణి సేవా సమితి మా ఆడపిల్లలకు బ్యూటీషియన్ కోర్సులు నేర్పుతోంది. ఆ శిక్షణలో సీసా లేబుల్ చదవడం, బిల్లు అడిగి తీసుకోవడం, ఒకరికి పోసి మిగిలిన రంగు పారబోయడం కూడా వచ్చే బ్యాచ్ నుంచే చేర్చాలని సమితికి దరఖాస్తు రాశాను. కార్పొరేషన్‌కు ఇచ్చేదాని మీద మా కాలనీ రిటైర్డ్ కార్మికుల సంతకాలు తీసుకుంటున్నాను.