ఫోన్ లోపలి సాకెట్‌కూ చట్టంలో చోటు కావాలి

పగిలిన తెర మార్చుకుందామని ఇంట్లోనే ఫోన్ విప్పేవారికి అసలు గండం తెర దగ్గర ఉండదు. తెర నుంచి వచ్చే సన్నని పట్టీని బోర్డుకు తగిలించే చోట ఉంటుంది. అక్కడ కొద్ది మిల్లీమీటర్ల పొడవున్న ప్లాస్టిక్ సాకెట్ ఒకటి కనిపిస్తుంది. దాని లోపల పదుల కొద్దీ పిన్నులు. ఒక పిన్నుకూ పక్క పిన్నుకూ మధ్య ఎడం అర మిల్లీమీటరు, కొన్నిటిలో అంతకన్నా తక్కువ. పట్టీని కాస్త వంకరగా పెట్టి బొటనవేలితో నొక్కితే చాలు, నాలుగు పిన్నులు నలిగిపోతాయి. ఫోన్ ఆన్ అవుతుంది, కాల్ వస్తే మోగుతుంది, తెర మాత్రం వెలగదు. సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్తే తరచూ వినిపించే జవాబు ఒకటే: బోర్డు మార్చాలి. బోర్డు ధర విన్నాక కొత్త ఫోన్ కొనుక్కోవడమే నయమనిపిస్తుంది.

సాకెట్ విరిగినంత మాత్రాన ఫోన్ పనికిరాకుండా పోనక్కర్లేదు. సాకెట్‌ను విడిభాగంగా ఎవరూ లెక్కించకపోవడం వల్లే ఫోన్ చెత్తలోకి చేరుతోంది. మరమ్మతు హక్కు గురించి ఐరోపాలోనూ మన దేశంలోనూ రాసుకున్న జాబితాల్లో తెర ఉంది, బ్యాటరీ ఉంది, చార్జింగ్ పోర్టు ఉంది. వీటన్నిటినీ బోర్డుకు కలిపే లోపలి సాకెట్ మాత్రం లేదు. ఇంట్లో మరమ్మతు ఎక్కువగా చెడేది అక్కడే కాబట్టి ఈ లోటును చిన్నదిగా చూడకూడదు.

ఫోన్, ట్యాబ్లెట్లలో ఈ సాకెట్లు ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది నొక్కుడు రకం. జాకెట్ టిచ్ బటన్ లాగా పైభాగం కిందిభాగంలో కూర్చుని టక్కుమంటుంది. ఆ చప్పుడు వినిపించకముందే బలం పెట్టకూడదు. రెండోది రెక్క రకం. ట్యాబ్లెట్లలో ఇది ఎక్కువ కనిపిస్తుంది. పట్టీ చివరను సాకెట్‌లోకి జొనిపి, పైనున్న నల్లటి లేదా గోధుమ రంగు రెక్కను కిందికి వాలిస్తే పట్టీ బిగుసుకుంటుంది. తీసేటప్పుడు ముందు రెక్కను లేపాలి. అది ఏ వైపు నుంచి లేస్తుందో మోడల్‌ను బట్టి మారుతుంది. చూసుకోకుండా రెండో వైపు గోరు పెట్టి ఎత్తితే రెక్క ఊడి ఎగిరిపోతుంది. ఇంకా బలం పెడితే సాకెట్టే సోల్డరింగుతో సహా బోర్డు మీంచి లేచి వస్తుంది.

వీటి ఆయుష్షు కూడా తెలుసుకోవాలి. బయట మనం రోజూ గుచ్చే యూఎస్‌బీ-సీ పోర్టును 10,000 సార్లు పెట్టి తీయడాన్ని తట్టుకునేలా రూపొందిస్తారు. రోజుకు మూడుసార్లు చార్జింగ్ పెట్టినా తొమ్మిదేళ్లు రావాలి. లోపలి సాకెట్లలో చాలావాటికి తయారీదారులు ఇచ్చే హామీ 10 నుంచి 30 సార్ల వరకే. ఫ్యాక్టరీలో ఒకసారి బిగించడానికీ, ఆ తర్వాత ఒకటి రెండు సర్వీసులకూ సరిపడేలా చేసిన వస్తువు అది. మొదటిసారి ఫోన్ విప్పేవారు తెలియక నాలుగైదుసార్లు తీసి పెడతారు. అందుకే ఇంట్లో మరమ్మతు చేసుకోవద్దని చెప్పడం కన్నా, ఎలా చేసుకోవాలో, ఎక్కడ ఆగాలో చెప్పడం మేలు.

ఇంట్లో చేసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. ఫోన్ కింద పడ్డాక తెర నల్లబడితే ఒక్కోసారి పట్టీ ఊడి ఉంటుంది. తీసి మళ్లీ నొక్కితే సరిపోతుంది. తడిసిన ఫోన్‌లో సాకెట్ల మీద తెల్లగానో పచ్చగానో చిలుము పడుతుంది. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తని బ్రష్షు ఉంటే దాన్ని శుభ్రం చేయొచ్చు. బియ్యం డబ్బాలో పెట్టడం వల్ల చిలుము పోదు. బియ్యం నలుసులు లోపలికి వెళ్లి పాడుచేస్తాయి కాబట్టి అలా చేయొద్దని ఆపిల్ కూడా తన సహాయ పేజీలో రాసింది. రెక్క ఊడిపోయిన సాకెట్‌లో పట్టీని సరిగ్గా కూర్చోబెట్టి, పైన కాప్టాన్ టేపు ముక్కను మడిచి సందులో బిగించి నడిపించుకోవచ్చు. అది శాశ్వతం కాకపోయినా నెలల తరబడి పనిచేసే ఉపాయం. చార్జింగ్ పట్టకపోతే పోర్టు పోయిందని అనుకునే ముందు, జేబులోని నూలు నుసి లోపల గట్టిపడిందేమో టార్చి వేసి చూడాలి. ఫోన్ ఆపి, సన్నని చెక్క పుల్లతో నెమ్మదిగా గీకితే తీరే సమస్యకు వందలు పోసేవాళ్లు ఎందరో.

ఈ పనులన్నిటికీ ఒకటే మూలసూత్రం: మిగతావేవీ ముట్టుకోకముందే బ్యాటరీ సాకెట్ తీయాలి, అన్నీ బిగించాకే దాన్ని తిరిగి పెట్టాలి. తెరకు వెళ్లే సాకెట్‌లో వెలుగునిచ్చే కరెంటు పిన్నులూ, నేల (గ్రౌండ్) పిన్నులూ దగ్గర దగ్గరగానే ఉంటాయి. బ్యాటరీ తగిలించి ఉండగా పట్టీ వంకరగా ఆనితే అవి కలిసిపోయి, బోర్డు మీద నలుసంత ఫ్యూజు కాలిపోతుంది. అప్పటిదాకా సాకెట్ సమస్యగా ఉన్నది బోర్డు సమస్యగా మారుతుంది. కొన్ని ఐప్యాడ్లలో బ్యాటరీని అంత తేలిగ్గా విడదీయలేం. బోర్డు కింద పలుచటి ప్లాస్టిక్ కార్డు జొనిపి కరెంటును ఆపాలి. కొన్ని ఐఫోన్లలో సాకెట్ మీది రేకుకు బిగించే స్క్రూలు వేర్వేరు పొడవుల్లో ఉంటాయి. పొట్టి స్క్రూ ఉండాల్సిన చోట పొడుగుది బిగిస్తే అది బోర్డులోకి దిగి లోపలి గీతల్ని తెంచేస్తుంది. కాగితం మీద ఫోన్ బొమ్మ గీసి, తీసిన ప్రతి స్క్రూనూ దాని చోటే టేపుతో అంటించి పెట్టుకోవడం తప్పనిసరి.

ఆగాల్సిన చోటు కూడా స్పష్టంగానే ఉంది. బ్యాటరీ ఉబ్బి ఉంటే ఇంట్లో విప్పకూడదు. సాకెట్ బోర్డు నుంచి లేచిపోయినా, కింది రాగి మెత్తలు (ప్యాడ్లు) ఊడినా అది ఇంటి పని కాదు. పాత సాకెట్ తీయాలంటే 300 డిగ్రీలు దాటిన వేడిగాలి కావాలి. ఆ వేడికి పక్క సాకెట్ల ప్లాస్టిక్ కరగకుండా కాపాడాలి. ఊడిన మెత్త స్థానంలో మైక్రోస్కోపు కింద అతి సన్నని రాగి తీగతో జంపర్ వేయాలి. హైదరాబాద్ అబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్ లాంటి చోట్ల, మన జిల్లా కేంద్రాల్లోని చిన్న దుకాణాల్లో ఈ పని చేయగల చేతులున్నాయి. లేనిది వాటికి అందాల్సిన సరుకూ సమాచారమూ. సాకెట్‌ను పాత బోర్డు నుంచి పీకాలి, లేదా ఎక్కడ తయారైందో తెలియనిది కొనాలి. బోర్డు పటాలను కంపెనీలు సాధారణంగా బయటపెట్టవు కాబట్టి మెకానిక్కులు అనధికార సాఫ్ట్‌వేర్లకు చందాలు కట్టి పని నడిపిస్తారు.

విడి సాకెట్ల తయారీ ఏ ఒక్క ఫోన్ కంపెనీ గుట్టూ కాదు. హిరోసే, మోలెక్స్, పానసోనిక్ వంటి సంస్థలు ఈ తరహా సాకెట్లు తయారుచేసి అమ్ముతున్నాయి, వాటిలో చాలావాటి కొలతల పత్రాలు అందరికీ అందుబాటులో ఉన్నాయి. ఫలానా ఫోన్‌లో ఫలానా చోట ఉన్నది ఏ నంబరు సాకెట్ అన్న ఒక్క ముక్క చెప్పకపోవడం వల్ల, కొద్ది డబ్బుతో దొరకాల్సిన భాగం కోసం వేల రూపాయల బోర్డు మార్చాల్సి వస్తోంది.

అసలు తేడా డిజైన్ బల్ల దగ్గరే మొదలవుతుంది. తక్కువ ధర ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటికి చార్జింగ్ పోర్టు కింది భాగంలో విడి చిన్న బోర్డు మీద ఉంటుంది. మన మెకానిక్కులు దాన్ని సీసీ బోర్డు అంటారు. పోర్టు పోతే కొన్ని వందల రూపాయలతో ఆ బోర్డు మార్చేస్తారు. చాలా ఐప్యాడ్ మోడళ్లలో అదే పోర్టు నేరుగా ప్రధాన బోర్డుకు సోల్డరింగ్ అయి ఉంటుంది. నెదర్లాండ్స్‌కు చెందిన ఫెయిర్‌ఫోన్ సంస్థ పోర్టును స్క్రూలు విప్పి వాడకందారే మార్చుకోగల విడిభాగంగా అమరుస్తోంది. చేసే పని ఒకటే అయినా ఒకచోట అరగంట మరమ్మతుతో తీరిపోతుంది, ఇంకోచోట పరికరమే పోతుంది. ఈ తేడాకు వాడకందారు అజాగ్రత్త కారణం కాదు.

చట్టాలు ఎంతవరకు వచ్చాయో చూద్దాం. యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి స్మార్ట్‌ఫోన్లకూ ట్యాబ్లెట్లకూ కొత్త నిబంధనలు అమల్లోకి వచ్చాయి. మోడల్ అమ్మకం ఆగిపోయాక కూడా ఏడేళ్లపాటు కీలక విడిభాగాలు దొరకాలి, అడిగిన ఐదు నుంచి పది పనిదినాల్లో చేరాలి, మరమ్మతు సులువెంతో తెలిపే అక్షరం లేబుల్ మీద కనిపించాలి. మన దేశంలో వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో మరమ్మతు హక్కుపై కమిటీ వేసింది. అదే ఏడాది డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు, మరమ్మతు హక్కు పోర్టల్ తెరిచింది. 2025 మేలో మరో కమిటీ మొబైళ్లకు, ఎలక్ట్రానిక్ వస్తువులకు మరమ్మతు సూచీ ఉండాలని నివేదిక ఇచ్చింది. విప్పడం ఎంత సులువు, ఏ పనిముట్లు కావాలి, విడిభాగాలు ఎంత త్వరగా దొరుకుతాయి, సమాచారం ఇస్తున్నారా అన్నవి అందులోని కొలమానాలు. ఇవన్నీ మంచి అడుగులే. కానీ రెండు జాబితాలూ తెర, బ్యాటరీ, పోర్టు లాంటి భాగాల దగ్గరే ఆగిపోయాయి. తెర విప్పడం సులువని పూర్తి మార్కులు తెచ్చుకున్న ఫోన్, లోపలి సాకెట్ రెక్క విరిగితే పనికిరాకుండా పోవచ్చు. అలాంటి సూచీ కొనుగోలుదారుకు సగం నిజమే చెబుతుంది.

కంపెనీల అభ్యంతరాల్లో కొన్నిటికి బలం ఉంది. విప్పిన ఫోన్ నీటిని మునుపటిలా తట్టుకోదన్న మాట నిజమే. అందుకే కొత్త సీలు పట్టీలను కూడా విడిభాగంగా అమ్మాలి. లిథియం బ్యాటరీతో ప్రమాదం ఉందన్నదీ నిజమే. ఆ ప్రమాదం సమాచారం దాచడం వల్ల తగ్గదు, చెప్పడం వల్ల తగ్గుతుంది. అమెరికాలో 2022లో ఆపిల్, శాంసంగ్ సంస్థలు విడిభాగాలను నేరుగా వాడకందారుకు అమ్ముతూ, ఎలా బిగించాలో చెప్పే మార్గదర్శకాలు ఇవ్వడం మొదలుపెట్టాయి. అక్కడ సాధ్యమైనప్పుడు ఇక్కడ కాదనడానికి కారణం కనిపించదు. వాహన రంగంలో మనకు ముందడుగు కూడా ఉంది. విడిభాగాలనూ సాంకేతిక సమాచారాన్నీ బయటి మెకానిక్కులకు ఇవ్వనందుకు 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు రూ.2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది. జరిమానా లెక్క మీద తర్వాత అప్పీళ్లు నడిచినా, అమ్మేసిన వస్తువు మరమ్మతును గుప్పిట్లో పెట్టుకోవడం తగదన్న సూత్రం ఫోన్‌కూ వర్తిస్తుంది.

తెలుగు రాష్ట్రాలకు ఇందులో ప్రత్యేక బాధ్యత ఉంది. శ్రీసిటీలో 2015 నుంచే ఫోన్ల తయారీ సాగుతోంది. రంగారెడ్డి జిల్లా కొంగరకలాన్‌లో ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీ నడుస్తోంది. సాకెట్‌లో పట్టీని ఒడుపుగా కూర్చోబెట్టే నేర్పు మన యువత చేతుల్లోనే ఉంది. దాన్ని మరమ్మతు రంగానికి మళ్లించే కోర్సులు ఐటీఐల్లో మైక్రోస్కోపు, వేడిగాలి పనిముట్లతో సహా నడవాలి. ప్రభుత్వాలు పెద్ద కొనుగోలుదార్లు కూడా. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి విద్యార్థులకూ ఉపాధ్యాయులకూ కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్లెట్లు పంచారు. పిల్లల చేతుల్లో పరికరం చార్జింగ్ పోర్టుకు కూడా దెబ్బ తగలొచ్చు. ఇలాంటి టెండర్లలో ఒక్క షరతు చేర్చితే చాలు: పోర్టు విడి బోర్డు మీద ఉండాలి, దాని పట్టీలు, సాకెట్లు ఏడేళ్లు దొరకాలి. లక్షల్లో కొనే ప్రభుత్వం అడిగితే కంపెనీ డిజైన్ మారుస్తుంది.

ప్రపంచంలో 2022లో 6.2 కోట్ల టన్నుల ఈ-వ్యర్థాలు పోగుపడితే, అందులో సక్రమంగా సేకరించి రీసైకిల్ చేసినట్టు నమోదైంది 22.3 శాతమేనని ఐక్యరాజ్య సమితి సంస్థల నివేదిక చెబుతోంది. పనిచేసే బోర్డు, పనిచేసే తెర, పనిచేసే బ్యాటరీ ఉన్న ఫోన్ ఒక సాకెట్ కోసం ఆ గుట్టలో చేరడం క్షమించరాని వృథా. మన మరమ్మతు సూచీకి తుదిరూపం ఇచ్చేటప్పుడు కేంద్రం మూడు మాటలు చేర్చాలి. లోపలి సాకెట్లనూ పట్టీలనూ ప్రాధాన్య భాగాలుగా గుర్తించాలి. ప్రతి మోడల్‌లో ఏ చోట ఏ నంబరు సాకెట్ ఉందో, ఏ రెక్క ఎటు తెరుచుకుంటుందో చూపే పటాన్ని పోర్టల్‌లో తెలుగుతో సహా భారతీయ భాషల్లో ఉంచాలి. చార్జింగ్ పోర్టును ప్రధాన బోర్డుకు సోల్డరింగ్ చేసిన పరికరానికి సూచీలో మార్కులు కోయాలి. ఈ మూడూ జరిగితే ఇంట్లో విప్పేవారి చెయ్యి తడబడినా నష్టం ఒక సాకెట్‌కే పరిమితమవుతుంది, దాన్ని మార్చే పని మన ఊరి మెకానిక్‌కు దక్కుతుంది.